తాకితే పలకాలి

2020 మే 30న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు 10,641 రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాయి. ఇప్పుడు వాటిని రైతు సేవా కేంద్రాలంటున్నారు. విత్తనం, ఎరువు, పురుగుమందు ఊళ్లోనే దొరకాలన్నది వాటి ఉద్దేశం. వాటికి తోడుగా గన్నవరంలో ఒక కాల్ సెంటర్ వెలిసింది. కేంద్రాల్లో తాకే తెర ఉన్న కియోస్కులు పెట్టారు. రైతు వచ్చి, తెర మీద వేలు పెట్టి, తనకు కావలసింది తానే ఎంచుకుని ఆర్డరు పెట్టుకోవాలి. ఇలాంటి యంత్రాన్ని మనం అంతకు ముందే రైల్వే స్టేషన్లలో చూశాం. విజయవాడ వంటి పెద్ద స్టేషన్లలో ఆటోమేటిక్ టికెట్ మెషీన్లు పెట్టింది క్యూలో నిలబడే పని లేకుండా ప్రయాణికుడే టికెట్ తీసుకోవాలని. కానీ కొన్నాళ్లకు రైల్వే శాఖే ఆ యంత్రాల దగ్గర విశ్రాంత ఉద్యోగుల్ని కమీషన్ మీద ఫెసిలిటేటర్లుగా కూర్చోబెట్టే పద్ధతి తెచ్చింది. సొంత చేత్తో వాడుకోవాలని పెట్టిన యంత్రం పక్కన ఇంకో చెయ్యి అవసరమైంది. దీనికి అందరూ చెప్పే కారణం మన జనానికి అలవాటు లేదని. ఆ మాట నిలవదు. అదే ప్రయాణికుడు, అదే రైతు జేబులోంచి ఫోన్ తీసి టీ కొట్టులో డబ్బు కడుతున్నాడు, యూట్యూబ్‌లో వరి తెగుళ్ల వీడియో వెతుక్కుని చూస్తున్నాడు. గాజు తెర అతని వేలికి కొత్త కాదు. ఫోన్‌లోని యాప్‌ని మొదటి రోజు నుంచీ వేలి కోసం రాశారు. డెస్క్‌టాప్ మీద నడిచే ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం మౌస్ కోసం రాసినవి. వాటికి తర్వాత తాకే తెర తగిలించారు. చిక్కంతా ఆ తగిలింపులో ఉందని నా వాదన.

మౌస్ బాణం మొన సూది మొనంత ఉంటుంది, వేలి కొన దాదాపు సెంటీమీటరు. పైగా వేలు తాను తాకబోయేదాన్నే కప్పేస్తుంది. మౌస్‌ని బొత్తం మీదికి తెచ్చి నొక్కకుండా ఆపితే చిన్న వివరణ కనిపిస్తుంది, రంగు మారుతుంది. వేలికి ఆ మధ్య స్థితి లేదు, తాకితే తాకినట్టు, లేకపోతే లేనట్టు. కుడి బొత్తం లేదు. రెండుసార్లు టకటక నొక్కడం మౌస్‌తో తేలిక. నిలువు తెర మీద వేలితో అలా చేస్తే రెండో దెబ్బ పక్కకి పడుతుంది. ఫోన్‌ని ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో వాడేటప్పుడు బొత్తం కనీసం 9.2 మిల్లీమీటర్లు ఉండాలని పర్హి, కార్ల్‌సన్, బెడర్సన్ అనే పరిశోధకులు 2006లో ప్రయోగాలు చేసి తేల్చారు. అది చేతిలో ఇమిడే ఫోన్ లెక్క. నిలబడి, చెయ్యి చాపి, ఏ ఆనుడూ లేకుండా తాకాల్సిన కియోస్క్ మీద బొత్తం అంతకన్నా పెద్దదే కావాలి. ఈ ఇబ్బంది ఈనాటిది కూడా కాదు. హెచ్‌పీ కంపెనీ 1983లోనే హెచ్‌పీ-150 అనే తాకే డెస్క్‌టాప్‌ని అమ్మింది. గాజు చుట్టూ సన్నటి రంధ్రాల్లోంచి వచ్చే పరారుణ కిరణాలు వేలిని పసిగట్టేవి. ఆ రంధ్రాల్లో దుమ్ము చేరేది. నిలువు తెర ముందు చెయ్యి ఎత్తి ఉంచితే కాసేపటికి భుజం లాగేది. ఆ నొప్పికి కంప్యూటర్ వాళ్లు గొరిల్లా చెయ్యి అని పేరే పెట్టుకున్నారు. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8ని తాకే తెరను దృష్టిలో పెట్టుకుని తయారుచేసి, అలవాటైన స్టార్ట్ బొత్తాన్ని తీసేసింది. మౌస్ వాడే వాళ్లు గోల పెట్టడంతో మరుసటి ఏడాదే 8.1లో దాన్ని తిరిగి పెట్టింది. రెండు రకాల చేతులకీ ఒకే ముఖం చాలదని అంత పెద్ద సంస్థకే అనుభవం మీద తెలిసింది.

పైకి కనిపించే పరిమాణం కన్నా లోపల జరిగేది ఇంకా ముఖ్యం. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో తెరను ఒకసారి తాకితే కంప్యూటర్‌కి వరుసగా రెండు కబుర్లు వెళ్లవచ్చు. మొదటిది వేలు తాకిందని. ఆ తర్వాత, పాత ప్రోగ్రాములు పనిచేయడం కోసం, మౌస్ నొక్కినట్టు ఇంకో కబురు. పాత బ్రౌజర్లు ఈ రెండో కబురుని సెకనులో దాదాపు మూడో వంతు ఆపి పంపేవి, వాడే మనిషి రెండోసారి తాకి బొమ్మని పెద్దది చేస్తాడేమోనని ఎదురుచూస్తూ. రాసిన వాడు రెండు కబుర్లకీ స్పందించేలా రాశాడనుకోండి, రైతు ఒక్కసారి తాకితే రెండు ఆర్డర్లు పడతాయి. తెర ఆలస్యంగా పలికితే, తాకింది అందలేదనుకుని రైతు మళ్లీ తాకుతాడు. అప్పుడూ రెండు ఆర్డర్లే. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు. నాట్ల రోజుల్లో ఒక బస్తా తేడా అంటే డబ్బులోనూ, వరసలో వెనక నిలబడ్డ వాళ్ల వంతులోనూ తేడా. దీనికి మందు తెలిసిందే. వేలినీ మౌస్‌నీ కలం పుల్లనీ ఒకే రకంగా అందుకునే పాయింటర్ పద్ధతిలో రాయాలి. తాకిన మరుక్షణం బొత్తం రంగు మారాలి. ఒక్కో ఆర్డరుకీ ముందే ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ పట్టించుకోకూడదు. ఇవేవీ గొప్ప విద్యలు కావు. కాకపోతే మౌస్‌తో పరీక్షించే వాడికి ఈ లోపం ఎప్పటికీ కనపడదు. ఎందుకంటే మౌస్ ఒకే కబురు పంపుతుంది.

తెలుగు తెర మీదికి వస్తే మరో పొర విప్పాలి. ఇంగ్లిష్ అక్షరం గీత మీద కూర్చుంటుంది. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లిష్‌కి సరిపోయేలా ఎత్తు బిగించిన బొత్తంలో ‘రాష్ట్రం’ అన్న మాట పెడితే కింది ఒత్తులు కత్తిరించినట్టు పోతాయి. చదివే వాడు అక్షరం పోల్చుకోలేక పక్కవాణ్ని అడుగుతాడు, మనం అతనికి చదువు తక్కువని రాసుకుంటాం. తెలుగుతో పరీక్షించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, ఞ కలిసిన ఒక అక్షరాల వరస, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో సహా సందేశంలో వస్తే, ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అంత సంస్థ చేతుల్లోంచే మన సంయుక్తాక్షరం పరీక్ష కాకుండా జారిపోయిందంటే, తొందరలో రాసే చిన్న ప్రోగ్రాముల సంగతి ఊహించవచ్చు.

కీబోర్డు మాటకొస్తే, తెర మీద తెలుగు కీబోర్డు పెట్టి ఊరి పేరో వంగడం పేరో టైపు చేయమనడం కియోస్క్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు అని నా అభిప్రాయం. ఆ కీబోర్డు సగం తెరను మింగేస్తుంది, చాలాసార్లు నింపాల్సిన గడినే కప్పేస్తుంది. డెల్టా రైతు దగ్గర ఇంతకన్నా మంచి సాధనం ఎప్పటినుంచో ఉంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణని ఎంటీయూ 7029 అంటారు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి బీపీటీ 5204. డెల్టాలో వరి వంగడాలకి నంబరే సగం పేరు. కాబట్టి పది అంకెల పెద్ద బొత్తాలు చాలు. 5204 అని నాలుగు తాకులు తాకగానే వంగడం పేరు, గింజ బొమ్మ కనిపిస్తే చదవడం రాని మనిషి కూడా పొరపడడు. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, ఫోన్ నంబరు అన్నీ అంకెలే. ఈ ఊహ కార్యాలయంలో కూర్చుంటే తట్టదు, విత్తనాల దుకాణం ముందు నిలబడి మాటలు వింటే తడుతుంది.

ఇక పనిచేయని తెరను బాగుచేయడం. ఇక్కడ మొదట తెలుసుకోవాల్సింది ఆ గాజు ఏ జాతిదని. ఒత్తిడితో పనిచేసే తెరలో రెండు పొరలు ఉంటాయి, వేలు నొక్కితే ఒకదానికొకటి తగులుతాయి. తడి చెయ్యి దానికి లెక్కలేదు గానీ, కొన్నాళ్లకు పై పొర సాగి, తాకిన చోటుకీ పలికే చోటుకీ ఎడం పెరుగుతుంది. పరారుణ చట్రం ఉన్న తెర దేన్నైనా పసిగడుతుంది, చట్రం అంచున చేరిన దుమ్మునీ, వానాకాలం సాయంత్రం దీపానికి వచ్చిన పురుగునీ కూడా. ఫోన్లలో ఉండే కెపాసిటివ్ తెర చర్మంలోని విద్యుత్ గుణాన్ని కొలుస్తుంది. నీటి చుక్క దానికి వేలులా తోస్తుంది. ఎండి, కాయలు కాసిన వేలి కొన మాత్రం దానికి సరిగ్గా అందదు. ఏళ్ల తరబడి నారు పీకి, కొడవలి పట్టిన చేతులున్న చోట ఇది పట్టించుకోవాల్సిన విషయం. కరెంటు సంగతి మరీ ముఖ్యం. ఎర్తింగ్ సరిగా లేని సాకెట్, నాసిరకం అడాప్టర్ ఉంటే ఆ విద్యుత్ రొద తెరలోకి చేరి, ఎవరూ తాకకుండానే బొత్తాలు వాటంతటవే నొక్కుకుంటాయి. చాలామంది దాన్ని వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, రోజంతా పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఎర్తింగ్ బాగున్న ఇంకో సాకెట్‌కో, మంచి అడాప్టర్‌కో మార్చి చూడటం అయిదు నిమిషాల పని. లోహపు ఒళ్లున్న యంత్రానికి ఎర్తింగ్ లేకపోతే తడి కాళ్లతో వచ్చి తాకే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకని సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందే చూడాల్సింది అది.

సాఫ్ట్‌వేర్ వైపు తరచూ ఎదురయ్యే జబ్బులు మూడు నాలుగు ఉన్నాయి. రెండు తెరలు తగిలించిన కంప్యూటర్‌లో ఒక తెరను తాకితే రెండో తెర పలుకుతుంది. విండోస్‌లో ఏ తాకుడు ఏ తెరదో కంట్రోల్ ప్యానెల్‌లోని టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లో ఒకసారి చెబితే సరిపోతుంది. అక్షరాలు పెద్దగా కనిపించాలని తెరను 125 శాతానికి పెంచితే, ఆ సంగతి తెలియని పాత ప్రోగ్రామ్‌లో తాకిన చోటు పక్కకి జరగవచ్చు. కాసేపు నిద్రపోయి లేచిన కంప్యూటర్‌లో తాకుడు పూర్తిగా ఆగిపోతే, కరెంటు ఆదా కోసం విండోస్ ఆ యూఎస్‌బీ పరికరాన్ని ఆపేసి ఉండవచ్చు. డివైస్ మేనేజర్‌లో ఆ అనుమతి తీసేయాలి. ఇవన్నీ తెలిసిన చిట్కాలే. ఆశ్చర్యమేమిటంటే, ఊళ్లో తెర పనిచేయడం లేదన్న ఫోన్ వచ్చినప్పుడు నగరంలో కూర్చున్న వాడికి వీటిలో ఏదో తేల్చుకునే దారి సాధారణంగా ఉండదు. ఆ దారిని ప్రోగ్రామ్‌లోనే వేయవచ్చు. బొత్తానికి తగలకుండా పక్కన పడ్డ తాకుళ్లని కూడా, ఎవరు తాకారో కాకుండా ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రమే, నమోదు చేయాలి. అవన్నీ ఒకే దిక్కుకి జరిగి ఉంటే తెర కొలత తప్పింది. బొత్తం చుట్టూ చెదిరి ఉంటే బొత్తం చిన్నది. గది తాళం వేసి ఉన్న అర్ధరాత్రి ఒకే చుక్క మీద పదేపదే పడితే తప్పు కరెంటుదో పురుగుదో. గురి తప్పిన తాకుడు ప్రోగ్రామ్ రాసిన వాడికి అందే నిజమైన ఫిర్యాదు, దాన్ని మనం ఇప్పటిదాకా పారేస్తున్నాం.

ఇంత శ్రమ ఎందుకు, కియోస్కుల కాలం పోయింది కదా అనవచ్చు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర మొదలుపెట్టినప్పటినుంచి చాలా ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. నిజమే, ఫోన్ చాలా పనులు తీరుస్తుంది, తీర్చాలి. అయినా స్మార్ట్‌ఫోన్ లేని వాళ్లు, ఉన్నా చిన్న అక్షరాలు కనిపించని పెద్దవాళ్లు, ఒకే తెరను ఇద్దరు కలిసి చూసి లెక్క సరిచూసుకోవాల్సిన పనులు మిగిలే ఉన్నాయి. ఆసుపత్రి కౌంటర్లు, హోటళ్లు, బట్టల దుకాణాల బిల్లింగ్ బల్లల మీద తాకే డెస్క్‌టాపులు పెరుగుతూనే ఉన్నాయి. రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. పక్కన సహాయకుడు ఎలాగూ ఉన్నాడు, అతనికి మౌస్ ఇస్తే పని వేగంగా అవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఒక్క ఆర్డరు లెక్కలో ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ సహాయకుడి మౌస్ దగ్గర తెర అతని వైపు తిరుగుతుంది. ఎన్ని బస్తాలు నమోదయ్యాయో, ఏ ధరకో, ఎవరి పేరున పడ్డాయో రైతుకి చెబితేనే తెలుస్తుంది. తాకే తెర పెట్టడానికి కారణం తన లెక్క తాను చూసుకునే వీలు. వేగం ఆ తర్వాతి సంగతి. ఊళ్లలో పరీక్షలు జరపడానికి డబ్బెక్కడిదన్న ప్రశ్నకి జవాబు తేలిక. మొదటి పరీక్షకి కావలసింది ఒక యంత్రం, ఒక బకెట్ నీళ్లు, పది మంది రైతులు, ఒక పూట. చేతులు తడిపి ఒకసారి, ఆరాక ఒకసారి తాకించి, ఎక్కడ తడబడ్డారో రాసుకోవాలి. పక్కన నిలబడ్డ ప్రోగ్రామర్ నోరు విప్పకూడదు, వేలు చూపించకూడదు.

ఆ పూట మొదట చూడాల్సింది ఆఖరి తెర. బస్తాల సంఖ్య, మొత్తం డబ్బు బారెడు దూరం నుంచి కనిపించేంత అంకెల్లో ఉన్నాయా? ‘సరే’ ఎంత ఉందో ‘వద్దు’ కూడా అంతే ఉందా? రెండింటి మధ్య ఒక వేలు పట్టేంత ఖాళీ ఉందా? కాలవ నీళ్లు వదిలి, నారు సిద్ధమై, యూరియా కోసం జనం వరస కట్టిన రోజున అలసిన చెయ్యి వచ్చి పడేది సరిగ్గా ఆ ఖాళీలోనే.