ఎండు గడ్డం మీద బ్లేడ్ పెట్టకుండ్రి

పొద్దుగాల ఐదున్నరకు గోపన్‌పల్లి చౌరస్తాకు వస్తె సెక్యూరిటీ డ్రెస్సుల పిలగాండ్లు గుంపులుగ కనవడుతరు. కొందరు విప్రో సర్కిల్ దిక్కు, కొందరు నల్లగండ్ల దిక్కు, కొందరు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్ల దిక్కు పోతరు. నారాయణపేట నుంచి వచ్చినోళ్లున్నరు, వికారాబాద్ తండాల నుంచి వచ్చినోళ్లున్నరు, శ్రీకాకుళం నుంచి వచ్చినోళ్లు గూడ ఉన్నరు. దగ్గరికి పోయి చూస్తె చానమంది మెడ మీద ఎర్రటి దద్దు, గదువ కింద చిన్న చిన్న పొక్కులు. ఏందని అడిగితె "గడ్డం గీస్తె గంతే అన్నా, నా చర్మమే మంచిది కాదు" అంటరు.

తమ్మీ, నీ చర్మం మంచిగనే ఉంది. రోజూ నున్నగ గీసుకొని రావాలెనని రూలు పెట్టినోళ్లు దానికి టైము ఇయ్యలె, నీళ్లు ఇయ్యలె, ఎట్ల గీసుకోవాల్నో చెప్పలె. కార్మికుల బస్తీలల్ల తిరుగవట్టి నాకు పదిహేనేండ్లాయె. జీతం గురించి మాట్లాడుకుంటం, పీఎఫ్ గురించి మాట్లాడుకుంటం, పన్నెండు గంటల డ్యూటీ గురించి మాట్లాడుకుంటం. గడ్డం మంట గురించి మాత్రం ఎవ్వరం మాట్లాడం, చిన్న ముచ్చటని. కని గేటు కాడ సూపర్‌వైజర్ మొకం చూసి "షేవింగ్ లేదు, వాపస్ పో" అంటె ఆ రోజు కూలి పోతది. గందుకే ఇయ్యాల గీ ముచ్చట మొదటి నుంచి చెప్త.

మంట ఏడికెళ్లి పుడతది?

బ్లేడ్ ఎంటికను కోస్తది, అది దాని పని. కని ఎంటిక గట్టిగ ఉంటె, బ్లేడ్ మొండిదైతె, మనం చెయ్యి ఒత్తితె, ఎంటికతోని పాటు చర్మం పై పొరను గూడ గీకుతది. కంటికి కనవడని గీతలు పడతయి. వాటిల్లకు చెమట పోతది, సబ్బు పోతది, మీదికెళ్లి డ్రెస్సు కాలర్ రాసుకుంటది. సర్రుమని మండుతది, ఎర్రగైతది. గిది రేజర్ మంట. రెండు మూడు రోజులు బ్లేడ్ పెట్టకుంటె అదే తగ్గుతది.

పొక్కుల సంగతి వేరే. రింగులు తిరిగిన గడ్డం ఉన్నోళ్లకు, గీసినంక ఎంటిక కొస వంకర తిరిగి మళ్ల చర్మంలకే గుచ్చుకుంటది. ఒంట్లె ముల్లు దిగినట్టే. అక్కడ వాస్తది, చీము పడతది, మానినంక నల్ల మచ్చ ఉంటది. ఎంత నున్నగ, ఎంత లోతుకు గీస్తె గంత ఎక్కువైతది. రెండు మూడు బ్లేడ్లున్న ప్లాస్టిక్ రేజర్లు ఎంటికను గుంజి చర్మం కిందికి కోస్తయి కాబట్టి గిసొంటోళ్లకు అవి ఇంక చెడ్డయి. వీళ్లకు ఒక్క బ్లేడ్ ఎక్కించే పాత ఇనుప రేజర్ మంచిది. బ్లేడ్ గూడ ఐదు రూపాయల లోపల్నే దొరుకుతది.

పదును సూసి దుక్కి

ఎండిన నేలల నాగలి పెడితె ఏమైతది? పెళ్లలు లేస్తయి, ఎడ్లు అలుస్తయి. వాన పడి నేల పదునెక్కినంక దున్నుతం. గడ్డం గూడ గట్లనే. ఎండిన ఎంటిక తీగ లెక్క ఉంటది. నీళ్లు తాగితె ఉబ్బుతది, మెత్తవడతది, తక్కువ బలానికే తెగుతది. అట్ల నానేటందుకు రెండు మూడు నిమిషాలు పడతది. చెంబెడు నీళ్లు మొకాన కొట్టుకొని వెంటనే గీస్తె చర్మం తడుస్తది గని ఎంటిక నానదు.

మన ఊర్లల్ల నాయీ తాతలకు గీ విద్య ఎరుకే. పంటకు కల్లం కాడ ఇన్ని వడ్లు పెడితె ఏడాదంత ఇంటింటికి వచ్చి గీసిపోయేటోళ్లు. కత్తి పట్టకముందు నీళ్లు సల్లి, గడ్డాన్ని వేళ్లతోని చానసేపు రుద్దేటోళ్లు. తోలుపట్టా మీద కత్తిని నూరేటోళ్లు. గీసినంక పటిక రాసేటోళ్లు. వాళ్ల పనిని తక్కువ చేసి చూసిన లోకం, వాళ్ల చేతిల ఉన్న శాస్త్రాన్ని గూడ చూడలె. ఇయ్యాల ఇంగ్లీషు వీడియోలల్ల చెప్పే మెలకువలు సగం ఆ తాతలు చేసినయే.

అయితె ఏం చెయ్యాలె? తానం చేసినంకనే గీసుకోండ్రి. తానానికి టైము లేకుంటె గోరువెచ్చటి నీళ్లల్ల తువ్వాల ముంచి పిండి రెండు నిమిషాలు గడ్డం మీద పెట్టుండ్రి. తర్వాత నురగ. హాస్టళ్లల్ల, రూములల్ల వచ్చేది ఎక్కువ బోరు నీళ్లు, లేకుంటె ట్యాంకర్ నీళ్లు. ఉప్పు నీళ్లల్ల సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి కడుతది. ఒంటి సబ్బుతోని గీసుకునేటోళ్లకు మంట ఎక్కువ పుట్టేది గందుకే. షేవింగ్ క్రీం చిక్కుడు గింజంత చాలు. బ్రష్‌ను తడిపి, గుండ్రంగ తిప్పుకుంట నిమిషం సేపు రుద్దుండ్రి. నురగ గాలి బుడగల లెక్క ఉండొద్దు, మీగడ లెక్క ఉండాలె. మధ్యల ఎండితె మళ్ల తడుపుండ్రి.

కంపెనీలు చూడని మన చెంబు

బ్లేడ్ మార్చుకునే సేఫ్టీ రేజర్‌కు అమెరికాల కింగ్ జిలెట్ అనేటాయన 1904ల పేటెంట్ తీసుకున్నడు. మొదటి ప్రపంచ యుద్ధంల అమెరికా సర్కారు సిపాయిలకు గవే రేజర్లు ఇచ్చింది. ఎవరి గడ్డం వాళ్లే రోజూ గీసుకునే అలవాటు గట్ల యూనిఫాంతోని పాటు పెరిగింది.

అదే జిలెట్ కంపెనీ 2002ల మన దేశం కోసమని ఒక రేజర్ తెచ్చింది. అమ్మేముందు దాన్ని ఎవరి మీద పరీక్షించిన్రో తెలుసా? అమెరికాల ఎంఐటీ యూనివర్సిటీల చదివే ఇండియా పిలగాండ్ల మీద. వాళ్లకు నల్లా నీళ్లు ధారగ వస్తయి. ఈడ చెంబెడు నీళ్లు ముంగట పెట్టుకొని, చిన్న అద్దం చూసుకుంట గీసుకునేటోళ్లకు ఆ రేజర్ల ఎంటికలు ఇరుక్కపోయినయి. తర్వాత కంపెనోళ్లు ఈ దేశపు ఇండ్లల్లకు వచ్చి, కూసొని చూసి, 2010ల పదిహేను రూపాయలకు ఒక్క బ్లేడ్ రేజర్ తెచ్చిన్రు. మన నీళ్లు, మన గది చూడకుంట చేసిన వస్తువు ఫేలైతదని వాళ్లకు అట్ల అర్థమైంది. రూలు పెట్టేటోళ్లకు ఇంక అర్థం కాలె.

చెంబుతోని గీసుకునేటోళ్లు ఒకటి యాదుంచుకోండ్రి. రెండు మూడు గీతలకోసారి రేజర్‌ను నీళ్లల్ల ఊపుండ్రి. నీళ్లు చిక్కగైతె పారపోసి కొత్తయి పట్టుండ్రి. ఇనుప రేజర్‌కు బ్లేడ్ రెండు దిక్కుల ఉంటది కాబట్టి ఒక దిక్కు నిండితె తిప్పుకోవచ్చు. నీళ్లు తక్కువున్న కాడ గది పెద్ద లాభం.

చెయ్యి ఒత్తొద్దు

ప్లాస్టిక్ రేజర్ అలవాటైనోళ్లు ఇనుప రేజర్ పట్టంగనే చేసేది ఒకటే, ఒత్తుడు. ఇనుప రేజర్ బరువు ఉంటది. ఆ బరువే కోస్తది, మనం దారి చూపాలె గంతే.

కోణం ఎట్ల దొరుకుతది? రేజర్ తలకాయను దౌడ మీద బోర్ల పెట్టుండ్రి. అప్పుడు పిడి మొకం నుంచి నిటారుగ బయటికి ఉంటది, బ్లేడ్ తాకదు. ఇగ పిడిని మెల్లగ కిందికి దించుకుంట రాండ్రి. బ్లేడ్ ఎంటికను తాకి సన్నటి సప్పుడు మొదలైన కాడ ఆగుండ్రి. బ్లేడ్‌కు చర్మానికి మధ్య ముప్పై డిగ్రీల లెక్క ఉంటది. గీతలు పొట్టిగ, ఇంచు ఇంచున్నర ఉండాలె. ఒక్క ఊపుల చెవి నుంచి గదువ దాక గుంజొద్దు. చర్మాన్ని జర సాపు చేసుకోవచ్చు గని, బిర్రుగ గుంజి గీస్తె ఎంటిక లోపలికి పోయి పొక్కవుతది.

బ్లేడ్ ఎక్కించేటప్పుడు పొట్టి అంచులు పట్టుకోవాలె, రెండు దిక్కుల సమానంగ బయటికి ఉన్నదా చూసుకోవాలె. ఒక బ్లేడ్ మూడు నుంచి ఐదు సార్లు వస్తది. ఎంటికను పట్టి గుంజినట్టు అయితె ఆనాడే మార్చుండ్రి. రూపాయలు మిగులుతయని పదిహేను రోజులు అదే బ్లేడ్ వాడితె, మిగిలినదానికి పది రెట్లు మెడికల్ షాపుల పెడతరు.

వాలు, ఎదురు

రేపు పొద్దుగాల గీసుకోకముందు గడ్డం మీద చెయ్యి తిప్పి చూడుండ్రి. ఒక దిక్కు నున్నగ పోతది, అది వాలు. ఒక దిక్కు గరుకు తాకుతది, అది ఎదురు. దౌడ మీద ఎంటికలు ఎక్కువ కిందికే వాలి ఉంటయి. మెడ మీద మాత్రం ఒకరికి మీదికి ఉంటయి, ఒకరికి పక్కకు, కొందరికి సుడి తిరిగి ఉంటయి. మంట ఎక్కువ మెడ మీదనే ఎందుకంటె, అందరం అక్కడ కింది నుంచి మీదికి గీస్తం, చానమందికి అది ఎదురు.

మొదటిసారి వాలునే గీయుండ్రి. ఇంక నున్నగ కావాల్నంటె మళ్ల నురగ పెట్టి అడ్డంగ గీయుండ్రి. ఎదురు గీసుడు బంద్ పెట్టుండ్రి, మెడ మీదనైతె అసలే వద్దు. గేటు కాడ సూపర్‌వైజర్ చూసేది కంటితోని, చెయ్యి పెట్టి చూడడు.

గీసినంక

సల్లటి నీళ్లతోని కడుగుండ్రి. పటికను తడిపి మెల్లగ రాసి, అర నిమిషం ఉంచి, కడుగుండ్రి. చిన్న గాట్ల రక్తం ఆగుతది. స్పిరిట్ ఉన్న లోషన్లు వాసన మంచిగుంటయి గని, కమిలిన చర్మాన్ని ఇంక ఎండగొడతయి. తువ్వాలతోని రుద్దకుంట అద్దుండ్రి.

మంట పుట్టినోళ్లు తడి బట్ట పెట్టుకోండ్రి, రెండు మూడు రోజులు బ్లేడ్ ఆపుండ్రి. పొద్దుగాల తొందర ఉండేటోళ్లు రాత్రి తానం చేసి గీసుకొని పండుకుంటె, కాలర్, చెమట తాకేలోపల చర్మం తేరుకుంటది. తప్పనిసరైతె ట్రిమ్మర్‌తోని పొట్టిగ కొట్టుకోండ్రి.

ఒక్కటి మాత్రం చెయ్యకుండ్రి. మెడికల్ షాపుకు పోయి "మంటకు ట్యూబు ఇయ్యి" అని బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ క్రీములు తెచ్చుకోకుండ్రి. రెండు రోజులు సల్లగుంటది, నెలలు వాడితె చర్మం పల్చవడతది, ఎర్రగ మారతది, మొటిమలు వస్తయి. గిసొంటివి డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని కేంద్రం 2018ల నోటిఫికేషన్ ఇచ్చింది. చీము పడితె, మచ్చలు పెరిగితె దగ్గర్ల ఉన్న బస్తీ దవాఖానకు పోండ్రి, పైసలు అడగరు.

ఒక రూముల ఆరుగురు ఉంటరు, ఒకటే రేజర్ ఉంటది. దోస్తానా ఎంతున్న గిది పంచుకోవద్దు. కంటికి కనవడని రక్తం తోని హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు, హెచ్ఐవీ ముప్పు గూడ ఉంటది. సెలూన్ల గూడ మీ ముంగటనే కొత్త బ్లేడ్ వేయమనుండ్రి. వాడిన బ్లేడ్‌ను చెత్త కవర్ల వెయ్యొద్దు. రేపు పొద్దుగాల ఆ కవర్ పట్టేది సఫాయి అక్క చెయ్యి. ఒక ఖాళీ డబ్బా మూతకు చీలిక పెట్టి అందుట్ల వెయ్యుండ్రి. నిండినంక టేపు చుట్టి, మీద "బ్లేడ్లు" అని రాసి, ఆమెకు చెప్పి ఇయ్యుండ్రి.

రూలు పెట్టినోళ్లకు

అమెరికాల డామినోస్ పిజ్జా దుకాణంల ఒక నల్లజాతి డెలివరీ కార్మికుని పని, గడ్డం గీయలేదని తీసేసిన్రు. ఆయనకు గీ పొక్కుల జబ్బు ఉండె, గీస్తె మొకం పాడైతది. కేసు కోర్టుకు పోయింది. 1993ల అప్పీలు కోర్టు, గడ్డం లేకుంటెనే వ్యాపారం నడుస్తదని కంపెనీ రుజువు చెయ్యలేదని చెప్పింది. గీ జబ్బున్న నల్లజాతి కార్మికులకు మినహాయింపు ఇయ్యాలెనన్నది.

అది వేరే దేశం, వేరే చట్టం. కని ఆ వాదన మనం గూడ ఎత్తుకోవచ్చు. గోపన్‌పల్లి చుట్టు ఉన్న టవర్లల్ల కంప్యూటర్ల ముంగట కూసునే ఇంజనీర్లు గడ్డాలు పెంచుకుంటరు, వాళ్ల పని ఆగుతలేదు. గేటు కాడ నిలబడేటోని మెడ మీదనే రూలు ఎందుకు? శుభ్రం కావాల్నంటె పొట్టిగ కత్తిరించిన గడ్డం గూడ శుభ్రమే. డాక్టర్ చీటీ తెచ్చినోనికి కూలి కోయొద్దు. నున్నగనే రావాలెనంటె డ్యూటీ రూముల ఒక నల్లా, ఒక అద్దం, పది నిమిషాలు ఇయ్యుండ్రి.

తమ్ముండ్లారా, గివి అడుగుటానికి యూనియన్ మీటింగ్ దాక ఆగొద్దు. ఈ నెల జీతం నాడు నలుగురు కలిసి సూపర్‌వైజర్‌ను అడుగుండ్రి.