రిపోర్టులో "నెగెటివ్" అంటే ఏమిటి?

లాబ్ కిటికీ దగ్గర కాగితం అందుకొని, "సిస్టరమ్మా, నెగెటివ్ వచ్చిందంట, ఇప్పుడెట్లా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకొనే వారిని మేము చూస్తూ ఉంటాము. వారిని తప్పు పట్టలేము. బయట మాటల్లో నెగెటివ్ అంటే చెడ్డదనే కదా వాడుక. లాబ్‌లో మాత్రం ఆ మాటకు "వెదికినది కనబడలేదు" అని అర్థం. మూత్ర పరీక్షలో షుగర్‌కు ఎదురుగా "నిల్" అని ఉన్నా ఇంతే.

2020లో కరోనా వచ్చాక ఈ సంగతి చాలామందికి తెలిసింది. అయితే నెగెటివ్ అనగానే జబ్బే లేదని వెళ్ళిపోయేవారు ఉన్నారు. మాకు ఎక్కువ భయం వీరి గురించే.

టీబీ సంగతి చూడండి. మైక్రోస్కోపులో క్రిములు కనబడాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో కనీసం 5 నుండి 10 వేల క్రిములు ఉండాలి. దగ్గకుండా ఉత్త ఉమ్మి ఇచ్చినా నెగెటివ్ వస్తుంది. అందుకే దగ్గు తగ్గకపోతే డాక్టరుగారు ఎక్స్‌రే, ఇతర పరీక్షలు రాస్తారు. వాటిని దండగ ఖర్చు అనుకోకండి. మందులు మొదలుపెట్టిన 2 నెలలకు కళ్ళె నెగెటివ్ వస్తే మంచిదే, కాని లోపల క్రిములు ఇంకా ఉండవచ్చు. సాధారణ టీబీకి 6 నెలల కోర్సు పూర్తి కావాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని టీబీగా కూడా మారవచ్చు.

హెచ్.ఐ.వి. సోకిన తొలి వారాల్లో కూడా పరీక్ష నెగెటివ్ రావచ్చు. అనుమానం ఉంటే 3 నెలలకు మళ్ళీ చేయించుకోవాలి.

ఇక "ఆర్.హెచ్. నెగెటివ్" రక్తం. ఇది జబ్బు కాదు, కోడలిలో లోపం అసలే కాదు. (అత్తగార్లు ఈ మాట రెండుసార్లు చదవాలి!) ఎర్ర రక్తకణాల మీద ఒక పదార్థం లేదని మాత్రమే. మన దేశంలో నూటికి సుమారు 5గురిది ఈ రక్తమే. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే బిడ్డ రక్తం తల్లిలో కలిసినప్పుడు ఆమె శరీరంలో విరుగుడు పదార్థాలు (యాంటీబాడీలు) తయారవుతాయి. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తరువాతి బిడ్డకు రక్తహీనత, తీవ్రమైన కామెర్లు రావచ్చు, కడుపులోనే చనిపోవచ్చు కూడా. దీనిని ఆపడానికి యాంటీ-డి ఇంజెక్షను ఉంది. 28వ వారంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటలలోపు మరొకటి ఇస్తారు. గర్భస్రావమైనా డాక్టరుగారిని అడగాలి. కాన్పుకు వచ్చేటప్పుడు బ్లడ్ గ్రూపు కార్డు సంచిలో అడుగున పెట్టకుండా, రాగానే డ్యూటీ సిస్టరుకు చూపించండి.