బీమా లేకున్నా వైద్యం: మౌండ్ బేయూ చూపిన దారి

అమెరికాలో బీమా లేనివాళ్లకు జబ్బు కన్నా బిల్లు భయమే ఎక్కువ. అయితే ప్రభుత్వ నిధులతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాలు డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. చట్టమే ఆ మాట చెబుతోంది.

ఇది దానధర్మం కాదు, పౌరహక్కుల ఉద్యమ కాలంలో పుట్టిన ఏర్పాటు. మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బేయూ, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు 1887లో కట్టుకున్న ఊరు. 1960లలో అక్కడ డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు డెల్టా హెల్త్ సెంటర్ పెట్టారు. నల్లజాతి పిల్లలు తిండిలేక జబ్బుపడుతుంటే మందుల చీటీ మీద తిండి సరుకులే రాసిచ్చారు. కిరాణా కొట్టు బిల్లు ఫార్మసీ ఖాతాలోంచి కట్టారు. అధికారులు అభ్యంతరపెడితే, ఆకలి జబ్బుకు తిండే మందు కదా అన్నాడు గైగర్.

ఈ కేంద్రాల పాలకమండలిలో సగానికి పైగా అక్కడ వైద్యం పొందేవాళ్లే ఉండాలన్నది నియమం. (మన ఆసుపత్రి కమిటీల్లో రోగికి కుర్చీ ఉందా?)

ఫీజు ఆదాయాన్నీ, కుటుంబ సభ్యుల సంఖ్యనూ బట్టి ఉంటుంది. పేదరిక రేఖ లోపలుంటే నామమాత్రం, లేదా అసలుండదు. 2025లో ఒంటరి మనిషికి ఆ రేఖ ఏడాదికి 15,650 డాలర్లు. దానికి రెట్టింపు ఆదాయం దాకా కొంత తగ్గిస్తారు. అక్కడ ఉద్యోగంతోపాటు బీమా కూడా పోయిన మనవాళ్లకు చెబుతున్నాం: ఆదాయ రుజువు తీసుకెళ్లి, 'స్లైడింగ్ ఫీ' కావాలని మీరే అడగండి. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ బిల్లుకు మాత్రం ఇది వర్తించదు.