కుట్టు లేని గొట్టం

గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని ఛాతీ పైభాగంలో వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగుతుంది. అక్కడ దాని వెడల్పు మామూలుగా రెండున్నర సెంటీమీటర్లు. గోడ బలహీనపడి ఉబ్బితే అన్యూరిజం అంటారు. ఉబ్బు ఐదున్నర సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు ఇక ఊరుకోరు. పగిలితే చాలామంది ఆసుపత్రి దాకా కూడా చేరరు మరి.

ఒకప్పుడు దారి ఒక్కటే. ఎడమ పక్కటెముకల మధ్య ఛాతీ కోసి, ఉబ్బిన చోట డాక్రాన్ గుడ్డ గొట్టాన్ని కుట్టేవారు. వయసు మళ్లినవాళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు ఆ కోతకు తట్టుకోలేరు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదీ వాళ్లకే.

అసలు కుట్టే అక్కర్లేదన్నాడు ఖార్కివ్ సర్జన్ నికొలాయ్ వొలొదోస్. మెలికలుగా వంచిన స్టీలు తీగ స్ప్రింగును గుడ్డ గొట్టానికి అమర్చాడు. దాన్ని నొక్కి సన్నటి తొడుగులో దూర్చి, గజ్జల దగ్గరి ధమనిలోంచి ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ పైకి పంపాలి. చేరాక తొడుగు వెనక్కి లాగితే స్ప్రింగు విచ్చుకుని ధమని గోడకు అదుముకుంటుంది. రక్తం కొత్త గొట్టంలోంచి పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి తగ్గుతుంది. 1987 మార్చిలో, గాయం వల్ల ఛాతీ ధమని ఉబ్బిన రోగికి ఇలాగే అమర్చాడు. ఆ సంగతి రష్యన్‌లో అచ్చయింది, పడమటి దేశాల్లో పెద్దగా ఎవరూ చదవలేదు. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోదీ పొట్టలోని ధమనికి ఇలాంటి పద్ధతే వాడితే పేరంతా ఆయనకొచ్చింది. పరోదీని తక్కువ చేయక్కర్లేదు గానీ, వరసలో ముందు రాయాల్సింది వొలొదోస్ పేరే.

స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ డేక్ బృందం ఒక్కో రోగి కొలతకు ఒక్కో గొట్టం తయారుచేసి, 13 మందికి ఛాతీ ధమనిలో అమర్చిన వివరాలు 1994లో ప్రకటించింది. 2005లో అమెరికా ప్రభుత్వ ఆమోదం పొందిన గోర్ కంపెనీ గొట్టంలో స్టీలు బదులు నిటినాల్ తీగ ఉంది. నికెల్, టైటానియం కలిసిన ఈ లోహం బాగా నొక్కినా వదలగానే పాత ఆకారానికి వచ్చేస్తుంది.

కుట్టు లేదు కాబట్టి పట్టంతా బిగింపుదే. అందుకే ధమని కంటే కాస్త పెద్ద సైజు ఎంచుతారు. ఉబ్బుకు పైనా కిందా సుమారు రెండేసి సెంటీమీటర్ల ఆరోగ్యమైన గోడ ఉండాలి. పట్టు చాలకపోతే రక్తం సందులోంచి మళ్లీ ఉబ్బులోకి కారుతుంది. అది కనిపెట్టడానికే ఆ తర్వాత కూడా క్రమం తప్పకుండా సీటీ స్కాన్లు తీస్తారు. ఇంకో చిక్కు, గొట్టం కప్పిన మేర పక్క కొమ్మలూ మూసుకుపోతాయి. వెన్నుపాముకు రక్తం అందక కొందరికి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ఎడమ చేతికి వెళ్లే ధమని అడ్డొస్తే, మెడ దగ్గర ముందుగా బైపాస్ చేయాల్సి వచ్చేది. ఆ చేతికి కూడా కొమ్మ ఉన్న గొట్టానికి అమెరికాలో 2022లో అనుమతి దొరికింది.