ఉప్పుగాలిలో కత్తి: అపోహలు – వాస్తవాలు

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక నెల్లూరు వైపు నడకలకు మంచి రోజులు మొదలవుతాయి. కొందరు మైపాడు తీరానికి, కొందరు పెంచలకోన కొండలకు బయలుదేరతారు. నీళ్లసీసా, తాడు, టార్చిలైటు సర్దుకున్నాక కత్తి గుర్తొస్తుంది. మడతకత్తి కీలులో ఇసుక ఇరుక్కుంటే తెరవడమూ కష్టమే, మూయడమూ కష్టమే. అందుకే తీరంలో మడత లేకుండా ఒరలో పెట్టుకునే కత్తి నయం. అది ఎలా ఉండాలన్న దగ్గరే అపోహలు మొదలవుతాయి.

అపోహ: కత్తి ఎంత పెద్దదైతే అంత పనికొస్తుంది.

వాస్తవం: నడకలో కత్తికి తగిలే పనులు చిన్నవి. తాడు తెంపాలి, పండు కోయాలి, పుల్ల చెక్కాలి. వీటికి కోసే భాగం 10–12 సెంటీమీటర్లు ఉంటే చాలు. స్వీడన్‌లోని మోరా పేరుతో ప్రపంచమంతా వాడే కత్తుల్లో కంపానియన్ రకానిది సుమారు 10 సెంటీమీటర్లే, మందం 2.5 మిల్లీమీటర్లే. మరీ మందమైన కత్తితో కోస్తే జామకాయ తెగేలోపే పగులుతుంది. కొబ్బరిబోండాం కొట్టాలంటే బరువున్న మచ్చుకత్తి కావాలి. ఆ పనికి చిన్న కత్తిని దించితే అది జారి వేలు తెగుతుంది.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు.

వాస్తవం: పడుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఈ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే కంటికి కనిపించని పొరగా మారి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు చిల్లులు పొడుస్తుంది. సముద్రపు నీటిలో నానిన తాడు కోసి, తుడవకుండా తోలు ఒరలో దోపి రోజుల తరబడి వదిలేస్తే, పిడి మొదట్లో ఆవగింజంత నారింజ చుక్కలు తేలతాయి. కార్బన్ ఉక్కయితే తెల్లారేసరికే ఎర్రబారుతుంది. తోలు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి తీరంలో అడుగున రంధ్రమున్న ప్లాస్టిక్ ఒర మేలు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, పలచగా నూనె రాయాలి.

అపోహ: కత్తి నల్లబడితే పాడైనట్టే.

వాస్తవం: గూడూరు నిమ్మకాయను కార్బన్ ఉక్కు కత్తితో కోసి చూస్తే రసం తగిలినచోట బూడిదరంగు మచ్చ పడుతుంది. అది పొడిపొడిగా రాలే ఎర్రతుప్పు కాదు. పులుపు వల్ల పైన ఏర్పడిన పలచటి పొర. తర్వాత పట్టబోయే తుప్పును అది కొంత నెమ్మదింపజేస్తుంది కూడా.

అపోహ: ఊరి కొలిమిలో చేసిన కత్తి నాసిరకం.

వాస్తవం: చాలామంది కమ్మరులు వాడేది పాత లారీల కమాను పట్టీల ఉక్కు. లారీ బరువును మోస్తూ వంగి లేచే ఉక్కు అది, తేలిగ్గా విరగదు. కత్తి మంచిచెడ్డలు కమ్మరి చేతిలో ఉంటాయి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక, మళ్లీ మితంగా వేడిచేయాలి. ఆ రెండో వేడి తప్పితే అంచు పెళుసై పెచ్చులూడుతుంది. కొనేముందు పచ్చి వెదురుపుల్లను నాలుగుసార్లు చెక్కి అంచు చూసుకోవాలి. మడత పడకూడదు, పెచ్చు లేవకూడదు.

అపోహ: పదును తక్కువైతే ప్రమాదం తక్కువ.

వాస్తవం: మొండికత్తికి బలమంతా పెట్టి నొక్కాలి. నొక్కింది జారితే ఎటు పోతుందో తెలియదు.

అపోహ: పాము కరిస్తే గాటు పెట్టడానికి కత్తి దగ్గర ఉండాలి.

వాస్తవం: ప్రాణం మీదికి తెచ్చే నమ్మకమిది. గాటు పెడితే విషం బయటికి రాదు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అలాంటప్పుడు గాటు పెడితే రక్తస్రావం ఆగదు. నోటితో పీల్చడం, బిగించి కట్టడం కూడా తప్పే. కరిచిన చోటును కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్సకు దారి.

అపోహ: చిన్న కత్తిని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: ఇంటి, వ్యవసాయ పనులకు చేసినవి కాకుండా 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తుల్ని ఆయుధాల నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. అంతకన్నా చిన్నదైతే ఇబ్బంది లేదని చాలామంది అనుకుంటారు. అభయారణ్యంలో లెక్క వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే కత్తి ఉంది, కొలతతో నిమిత్తం లేదు. రాతపూర్వక అనుమతి లేకుండా దాంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదు. పెంచలకోన కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యంలోవి. పక్షుల కోసం వెళ్లే నేలపట్టు, పులికాట్ కూడా అభయారణ్యాలే. పైగా వెలిగొండల్లో ఎర్రచందనం దొంగల బెడద ఉంది కాబట్టి అటవీ సిబ్బంది సంచులు వెతకడం సహజం. అనుమతి లేనివారు తాడును ఇంట్లోనే కావలసిన కొలతకు కోసుకుని, అరటిపండ్లో బత్తాయిలో వెంట తీసుకెళితే కొండ మీద కత్తితో పనే పడదు.