రంగూన్ సొమ్ము, బోస్టన్ చదువు

"ఒక్క ఏడాదే కదా!"

మా గోదావరి జిల్లాల్లో పిల్లాడు పైచదువుకి విదేశం బయల్దేరితే ఇంటిల్లిపాదీ చెప్పుకునే ధైర్యం ఇదే. 2004 సెప్టెంబరులో నేను ఇంగ్లండులో ఎమ్మెస్సీకి బయల్దేరినప్పుడు మా అమ్మ కూడా అదే అంది. ఇంగ్లండులో ఎమ్మెస్సీ పన్నెండు నెలలే. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వంతెన మీదికి రాగానే అమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల గోదాట్లోకి విసిరి దణ్ణం పెట్టింది. ఆ ఏడాదంతా నేను ధారాళంగా ఖర్చుపెట్టిన డబ్బు ఏదైనా ఉంటే అదొక్కటే.

లీసెస్టర్‌లో దిగిన మర్నాటి నుంచి బుర్రలో ఎక్కాలే. అప్పట్లో పౌండు ఎనభై రూపాయల పైమాటే. బస్సెక్కితే ఎనభైతో గుణకారం, కాఫీ తాగితే ఎనభైతో గుణకారం. నవంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. వారానికి ఇరవై గంటలకు మించి పనిచెయ్యకూడదని వీసా షరతు. ఆ ఇరవై గంటలు ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోమాను. మా ఇంట్లో తిన్న కంచం కూడా తియ్యనివాణ్ణి. ఫోనులో మాత్రం "లైబ్రరీలో ఉన్నానమ్మా" అనేవాణ్ణి.

డిసెంబరులో అద్దె కట్టడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. తెలుగువాళ్ల భోజనాల్లో పరిచయమైన ఒక పెద్దాయన, రాజోలు వైపు వారు, నా మొహం చూసే సంగతి కనిపెట్టేశారు. మూడు వందల పౌండ్లు చేతిలో పెట్టి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి పద్దు రాసుకున్నారు. "నెలకి పాతిక చొప్పున తీర్చెయ్యి అబ్బాయ్" అన్నారు. నేను నసుగుతుంటే నవ్వారు. "ఆయ్, దానం అనుకున్నావంటే రేపు నాకు ఎదురుపడలేవు. అప్పనుకో, తలెత్తుకు తిరుగుతావు." పన్నెండు నెలల్లో పద్దు తీరిపోయింది. నా పేరు కొట్టేసి, కిందనే ఇంకో కుర్రాడి పేరు రాశారు. ఆ మూడు వందలే అలా చేతులు మారుతున్నాయని అప్పుడు తెలిసింది.

ఈ మధ్య యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం మళ్లీ చదువుతుంటే ఆ పద్దుపుస్తకమే కళ్లముందు మెదిలింది. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి కోపానికి గురై, ఎంబీబీఎస్‌కి బదులు దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. అదే జబ్బు తనకీ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం కాపాడింది. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రం బోధించారు.

1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చెయ్యడం వెళ్లిన పని. మన దేశపు వైద్య పట్టాతో అక్కడ డాక్టరు కొలువు దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని దొరికింది. పగలు చదువు, రాత్రి ఆ పని. నా గిన్నెలు ఏపాటివి?

డిప్లొమా తర్వాత ఆయన జీవరసాయనశాస్త్రంలోకి మారారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఒంట్లోని భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ ప్రయోగశాలల్లో దాని పేరు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వెలుగులోకి వచ్చాయి. కండరం కదలడానికి శక్తి ఎక్కణ్ణించి వస్తోందో వీటి వల్లనే తెలిసింది. 1930లో పీహెచ్‌డీ. 1940 నుంచి లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి మందు అదే. వెళ్లింది డిప్లొమా కోసం, ఉండిపోయింది పాతికేళ్లు. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మరి ఆయన బోస్టన్ వెళ్లడానికి ఓడ టికెట్టు డబ్బులెక్కడివి? ఒక చెయ్యి మామగారిది. రెండో చెయ్యి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థది. సాయం చేస్తామని వాళ్లు మాటిచ్చారు. ఇంతకీ ఈ సత్యలింగ నాయకర్ ఎవరు? కోరంగి సీమలో పుట్టి, సముద్రం దాటి రంగూన్‌లో గడించిన మనిషి. ఆ రోజుల్లో కోరంగి రేవు నుంచి బర్మాకి ఎంతమంది వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లందర్నీ కోరంగీలనే పిలిచేవారు. ఆయన అక్కడ సంపాదించింది ఇక్కడ ధర్మానికి రాశారు. అంటే సుబ్బారావు గారి బోస్టన్ ప్రయాణం వెనక ఉన్నది ఒక ప్రవాసి సొమ్ము. అవతలి తరంలో మనవాడొకడు తూర్పుకి వెళ్లి కూడబెట్టాడు. ఆ సొమ్ము ఈ తరం పిల్లాణ్ణి పడమటికి పంపింది.

ఆ ప్రయాణం వల్ల మనకి తిరిగొచ్చిందేమిటో మా ఇంట్లోవాళ్లకి బాగా తెలుసు. మా నాయనమ్మకి ఎడమకాలు బోదకాలు. కాటన్ దొర ఆనకట్టతో, కాలవలతో డెల్టా పచ్చబడింది. ఆగిన మురుగులో దోమా బాగుపడింది. మా వైపు ప్రతి వీధిలో ఒక బోదకాలు ఉండేది. రాజమండ్రిలో ఈ జబ్బు మీద ప్రత్యేకంగా కేంద్రప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉందంటేనే ఊహించుకోవచ్చు. సుబ్బారావు గారి నేతృత్వంలో లెడర్లీలో రూపొందిన మందుల్లో హెట్రజాన్ ఒకటి. డైఇథైల్‌కార్బమజిన్, మనవాళ్ల భాషలో డీఈసీ మాత్ర. వాచిన కాలుని అది తగ్గించలేదు. రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని చంపి, దోమ వాటిని ఇంకొకరికి మోసుకుపోకుండా ఆపుతుంది. ఈ జబ్బున్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ తిరిగి ఆ మాత్రలు పంచడం నేను విమానమెక్కిన 2004లోనే పెద్ద ఎత్తున మొదలైంది. నాయనమ్మ కాలు తగ్గలేదు. మా చెల్లెలికి రాలేదు.

ఈ కథలో మనం దాటవేసే మనిషి ఒకరున్నారు. సుబ్బారావు గారి భార్య శేషగిరి గారు. ఆయన వెళ్లాక మళ్లీ ఆయన్ని ఆవిడ చూడనేలేదు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. పుట్టింటి సాయంతో సాగిన చదువు ఆవిడకి పెనిమిటిని తెచ్చివ్వలేదు. "ఒక్క ఏడాదే కదా" అన్న మాటకి పూర్తి ఖరీదు ఇంట్లో ఉండిపోయినవాళ్లే కడతారు. నా ఏడాది కూడా ఇరవై దాటింది. సంక్రాంతికి వస్తావా అని అమ్మ అడగడం మానేసి చాలా కాలమైంది.

ఈ సంక్రాంతి సంబరాల్లో మన తెలుగు సంఘం సావనీరు మీ చేతికి వచ్చే రోజులకే జనవరి బ్యాచ్ పిల్లలు ఇక్కడ దిగుతుంటారు. ఒక చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, ఇంకో చేతిలో ఎడ్యుకేషన్ లోన్ కాగితాలు. వాళ్లలో ఎవరు ఏమవుతారో మనకి తెలీదు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన కుర్రాడి మీద కాకినాడవాళ్లు భరోసా పెట్టినప్పుడు వాళ్లకీ తెలీదు. ఈ పిల్లలకి మన సన్మానాలు అక్కర్లేదు. డిసెంబరు నెల అద్దె దగ్గర, మొదటి చలిజ్వరం దగ్గర ఒక చెయ్యి కావాలి. అదీ దానంలా కాదు, తీర్చుకోగలిగిన అప్పులా.

రాజోలు పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ పుస్తకం ఏమైందో తెలీదు. మన సంఘం కొత్తది ఒకటి మొదలుపెట్టాలని నా మనవి. పుస్తకం నేను కొనుక్కొస్తాను, మొదటి మూడు వందలూ నేనే వేస్తాను. రెండో పద్దు ఎవరు రాస్తారండీ?