టిబెట్ వైద్యంలో గుండె జబ్బుకు పథ్యం

డిశ్చార్జి రోజున గుండె జబ్బు రోగులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, పథ్యం ఏమైనా ఉందా?" ఇది మంచి ప్రశ్న. టిబెట్ వారి సంప్రదాయ వైద్యం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆ వైద్యం పేరు సోవా రిగ్పా. లాసా నగరంలో 1916లో నెలకొల్పిన మెన్-సీ-ఖాంగ్ వైద్య సంస్థను శరణార్థులు 1961లో ధర్మశాలలో తిరిగి ప్రారంభించారు. భారత ప్రభుత్వం 2010లో ఈ వైద్యాన్ని చట్టపరంగా గుర్తించింది. చలికాలంలో మన పట్టణాలకు స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్ల సంప్రదాయ వైద్యం ఇదే.

ఈ వైద్యంలో మొదట ఆహారం, తరువాత నడవడి, ఆ తరువాతే మందు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, దిగులు – వీటిని వారు 'లుంగ్', అంటే వాతం, చెడినందువల్ల వచ్చినవిగా చూస్తారు. అటువంటివారు ఖాళీ కడుపుతో ఉండరాదు, చిక్కటి టీ, కాఫీ తగ్గించాలి, వేళకు వెచ్చని భోజనం చేయాలి, రాత్రి నిద్ర పోవాలి, ఇష్టమైనవారి మధ్య నెమ్మదిగా గడపాలి. అతిగా తిని కదలకుండా కూర్చోవడం 'బేకెన్', అంటే కఫం, పెంచుతుందని కూడా చెబుతారు. కడుపులో సగం ఆహారానికి, పావు నీటికి వదిలి, మిగతా పావు ఖాళీగా ఉంచాలన్నది వారి నియమం.

వారి ముఖ్యాహారం త్సంపా, అంటే వేయించిన బార్లీ పిండి. మనం బార్లీని జావగా మాత్రమే ఎరుగుదుము. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్టరాలును తగ్గిస్తుంది.

అయితే సంప్రదాయమైనదంతా గుండెకు మేలు చేయదు. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ వారి ఇళ్ళలో రోజూ ఉంటుంది. ఆ ఉప్పు బి.పి.ని పెంచుతుంది. మన ఆవకాయ, అప్పడం, ఎండుచేప చేసే పని కూడా అదే! రోజు మొత్తానికి ఒక్కరికి ఉప్పు 5 గ్రాములకు, అంటే ఒక టీస్పూనుకు, మించరాదు.

మరొక మాట. మా వార్డులో ఒక పెద్దాయన పథ్యం ఎంతో నిష్ఠగా చేసేవారు. "ఇంత పథ్యం చేస్తున్నాను, ఇక మాత్రలు ఎందుకు?" అని బి.పి. మాత్రలు మానేశారు. రెండు నెలలకు పక్షవాతంతో స్ట్రెచరు మీద వచ్చారు. పథ్యం మాత్రకు తోడు, బదులు కాదు.

కనుక దయచేసి గుర్తుంచుకోండి:

* డాక్టరుగారు చెప్పకుండా మాత్రలు మానవద్దు.
* మూలికల మందు ఏది వాడుతున్నా దాచకుండా చెప్పండి. కొన్ని మూలికలు గుండె మాత్రలతో కలిసి హాని చేస్తాయి.
* ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేక దవడకు పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే కషాయాలతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో రోగి ఉంటే పథ్యం ఆయన ఒక్కరికే పెట్టకండి. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించి తింటే ఆయనకు చప్పిడి కూడు తింటున్నానన్న బాధ ఉండదు, మీ గుండెకూ మేలు.